అన్నీ ఒకేలా కనిపిస్తున్నప్పుడు

2024 మార్చి నెల. రమజాన్ మొదలై మూడు రోజులయింది. గోపాలపట్నంలోని మా ఇంట్లో అమ్మ పడుకునే గదిలో ఫ్యాను ఆగిపోయింది. పాతికేళ్ళ నాటి ఫ్యాను అది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, వైండింగు కాలిపోయిందనీ, దీనిమీద మళ్ళీ డబ్బు పెట్టడం దండగనీ చెప్పి వెళ్ళాడు. కొత్తది కొనాలి. ఉన్న పని అంతే.

ఆ పనికి మాకు పదకొండు రోజులు పట్టింది.

మొదటి రోజు అసర్ నమాజు తర్వాత అన్నదమ్ములం ఇద్దరం మెయిన్ రోడ్డులోని ఒక దుకాణానికి వెళ్ళాం. పైకప్పుకు వరుసగా నలభై దాకా ఫ్యాన్లు వేలాడుతున్నాయి. అన్నీ మూడు రెక్కలవే, అన్నీ గాలినిచ్చేవే. దుకాణంలో కుర్రవాడు ఐదోదాని గొప్పలు చెప్పే వేళకు మొదటిదాని సంగతి మరచిపోయాం. రేపు వస్తామని చెప్పి వచ్చేశాం. మర్నాడు ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు వైపు ఇంకో దుకాణం. అక్కడ అదే ఫ్యాను నూటయాభై రూపాయలు తక్కువ. మరి ఇంకెక్కడైనా ఇంకా తక్కువకు దొరుకుతుందేమో! మూడో రోజు నుంచి సెల్‌ఫోనులో వెతుకులాట. ఒకరు బ్రహ్మాండమని రాసిన ఫ్యానునే ఇంకొకరు ఆరు నెలల్లో చెడిపోయిందని రాశారు. స్టీల్ ప్లాంటులో పనిచేసే మిత్రుడు ఒక కంపెనీ పేరు చెప్పాడు, బావగారు మరో కంపెనీ పేరు చెప్పారు. రోజులు గడిచిపోయాయి.

పదకొండో రోజు సహ్రీ వేళ మేము కాస్త ముందుగా లేచాం. అమ్మ ముందు గదిలో నేలమీద చాప వేసుకుని పడుకుని ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, గోడ పట్టుకుని మెల్లగా లేవడం కళ్ళారా చూశాం. గదిలో ఉక్క భరించలేక అన్ని రాత్రులూ అలాగే పడుకుందట. “చెప్పలేదేం అమ్మా?” అని అడిగితే, “మీరిద్దరూ మంచిది చూస్తున్నారు కదరా, చూడనీ అనుకున్నాను” అంది. కాసేపాగి మరో మాట కూడా అంది. “రైతు బజారులో వంకాయలు కొంటాను. పుచ్చు లేకుండా లేతగా ఉంటే సంచిలో వేసుకుని వచ్చేస్తాను. బజారు మొత్తంలో అన్నిటికన్నా మంచి వంకాయ ఏదా అని వెతుకుతూ కూర్చుంటే మధ్యాహ్నం మీకు కూర ఉండదు.”

ఆ మాటకు మేము సిగ్గుపడ్డాం. ఆ రోజు నుంచి దీని గురించి ఆలోచిస్తూనే ఉన్నాం. ఒకేలా కనిపించే వస్తువుల మధ్య ఒకదాన్ని ఎంచుకోవడం ఇంత భారం ఎందుకవుతుంది? ఈ విషయంలో మన ధర్మం మనకు ఏ దారి చూపుతుంది? ఈ నెల పాఠం ఇదే.

ఇస్రాయీల్ సంతతి - ఆవు

దివ్య ఖుర్ఆన్‌లోని రెండవ అధ్యాయానికి ‘అల్ బఖరా’ అని పేరు. అంటే ఆవు. ఆ పేరు రావడానికి కారణమైన వృత్తాంతం 67వ ఆయతు నుంచి 71వ ఆయతు వరకు ఉంది. మనలో చాలామందికి అది తెలిసిన వృత్తాంతమే. అయినా బజారుకు వెళ్ళే ముందు ఒకసారి మళ్ళీ చదువుకోదగినది.

ఒక ఆవును జిబహ్ చేయమన్నది అల్లాహ్ ఆజ్ఞ అని హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన జాతివారికి తెలియజేశారు. ఆజ్ఞ చాలా తేలికైనది. ఏ ఆవునైనా తెచ్చి జిబహ్ చేస్తే సరిపోయేది. కాని వారు మొదట, మాతో పరిహాసమాడుతున్నావా అన్నారు. ఆ తర్వాత ఆ ఆవు ఎలాంటిదై ఉండాలని అడిగారు. మరీ ముసలిదీ కాకూడదు, మరీ లేతదీ కాకూడదు, నడివయసుదై ఉండాలని సమాధానం వచ్చింది. రంగు ఏమిటని అడిగారు. చూపరులకు ఆహ్లాదం కలిగించే నిగనిగలాడే పసుపు రంగు అని చెప్పబడింది. అప్పటికీ వారికి తృప్తి కలగలేదు. ఆవులన్నీ తమకు ఒకేలా కనిపిస్తున్నాయనీ, ఇంకా వివరం కావాలనీ అడిగారు. దుక్కి దున్ననిది, చేనుకు నీళ్ళు తోడనిది, ఏ లోపమూ ఏ మచ్చా లేనిది అన్న నిబంధనలు వచ్చి చేరాయి. చివరకు అతికష్టం మీద ఆ పని చేశారు. అసలు చేసేలా కనిపించలేదని ఖుర్ఆనే చెబుతోంది.

మొదటి మాటకే ఏదో ఒక ఆవును తెచ్చి ఉంటే వారికి సరిపోయేదనీ, వారు ప్రశ్నలు పెంచిన కొద్దీ వారికి పని కఠినమైపోయిందనీ ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆవులన్నీ ఒకేలా కనిపిస్తున్నాయన్నది వారి ఫిర్యాదు. కాని ఆలోచిస్తే అది ఫిర్యాదు కాదు, శుభవార్త! అన్నీ ఒకేలా ఉన్నాయంటే ఏది తెచ్చినా పని నెరవేరుతుందన్న మాట. దుకాణంలో నలభై ఫ్యాన్లు ఒకేలా కనిపించినప్పుడు మేము కంగారుపడ్డాం. నిజానికి అప్పుడు మా మనసు కుదుటపడవలసింది. తేడా కనిపించనంత దగ్గరగా రెండు వస్తువులు ఉంటే, వాటిలో ఏది ఎంచుకున్నా పోయేది చాలా తక్కువ. చిన్న తేడా కోసం పెద్ద శ్రమ పడడం దగ్గరే మనం దారి తప్పుతున్నాం.

జాగ్రత్త వేరు, చాదస్తం వేరు

అలాగని కళ్ళు మూసుకుని కొనమని కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చెయ్యి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పగా, తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు (ముస్లిం). పైపైన చూసి మోసపోకుండా లోపల చెయ్యి పెట్టి చూడడం ఆయన సంప్రదాయమే. కాబట్టి సరుకు పరీక్షించడం, ధర అడగడం, కొలత చూసుకోవడం తప్పు కాదు. అది ధనం పట్ల బాధ్యత.

కాని ఆయన రాశిలో చెయ్యి పెట్టారు, తెలియవలసింది తెలిసింది. ప్రతి గింజనూ ఏరి చూడలేదు. జాగ్రత్తకూ చాదస్తానికీ తేడా ఇక్కడే ఉంది. జాగ్రత్త లోపాన్ని వెతుకుతుంది, లోపం లేదని తేలగానే ఆగుతుంది. చాదస్తం లోపం లేనిదాన్ని పక్కన పెట్టి, ఇంకా మెరుగైనది ఎక్కడో ఉందని పరుగెడుతుంది. దానికి ఆగే చోటు ఉండదు. ఎంచబోతే మంచమంతా కంతలే అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ప్రళయదినాన మనిషి ఐదు విషయాలకు జవాబు చెప్పే వరకు అతని పాదాలు కదలవని దైవప్రవక్త (సల్లం) ప్రవచించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించారు (తిర్మిజీ). ధనాన్ని ఎలా సంపాదించావు, ఎలా ఖర్చు చేశావన్నవి వాటిలో ఉన్నాయి. ఆయుష్షును దేనిలో గడిపావన్న ప్రశ్న కూడా ఉంది. నూటయాభై రూపాయలు మిగుల్చుకోవడానికి పదకొండు రోజులు ఖర్చు పెట్టినవారు మొదటి లెక్క సరిచూసుకుని రెండో లెక్క మరచిపోయినట్లే. అందులోనూ అవి రమజాన్ రోజులు!

పరిశోధకులు గమనించినది

ఈ ఇబ్బంది మన ఒక్క ఊరిది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక పెద్ద సరుకుల దుకాణంలో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. అది 2000 సంవత్సరంలో ప్రచురితమైంది. ఒక బల్లమీద కొంతసేపు 24 రకాల జామ్ సీసాలు, మరికొంతసేపు 6 రకాలు మాత్రమే పెట్టి జనాన్ని రుచి చూడమన్నారు. 24 రకాలున్నప్పుడు అటు వచ్చినవారిలో నూటికి 60 మంది ఆగారు. 6 రకాలున్నప్పుడు ఆగినవారు నూటికి 40 మందే. కాని ఆగినవారిలో చివరకు కొన్నవారిని లెక్కిస్తే, 24 రకాల బల్ల దగ్గర నూటికి ముగ్గురు, 6 రకాల బల్ల దగ్గర నూటికి 30 మంది! ఎక్కువ రకాలు కంటిని ఆకర్షించాయి, చేతిని కట్టేశాయి.

తర్వాత ఇలాంటి ప్రయోగాలు ఎన్నో జరిగాయి. అన్నిటిలోనూ ఇదే ఫలితం రాలేదు. వాటన్నిటినీ కలిపి పరిశీలించినవారు తేల్చినదేమిటంటే, తనకేం కావాలో ముందే తెలిసినవాడిని ఎక్కువ రకాలు అంతగా ఇబ్బంది పెట్టవు. ఏం కావాలో తెలియకుండా వచ్చి, పోల్చడానికి కష్టంగా ఉండే వస్తువుల మధ్య నిలబడినవాడే తికమకపడతాడు. అంటే చిక్కు దుకాణంలో కన్నా మన మనసులో ఎక్కువగా ఉందన్న మాట.

1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న హెర్బర్ట్ సైమన్ మనిషి నిర్ణయాల గురించి ఒక మంచి విషయం చెప్పారు. అన్నిటినీ తూచి అత్యుత్తమమైనదాన్ని పట్టుకోవడం మనిషి శక్తికి మించినది. అవసరానికి తగినది కనిపించగానే ఆగడమే సాధ్యమైన పద్ధతి అన్నది దాని సారాంశం. మా అమ్మ వంకాయల లెక్క ఇదే కదా! మన పరిభాషలో దీన్ని ఖనాఅత్ అంటాం. ఉన్నదానితో తృప్తి చెందడం.

ఆరు మెట్లు

ఇప్పుడు ఆచరణకు వద్దాం. ఈసారి ఇంట్లోకి ఏదైనా వస్తువు కొనవలసి వచ్చినప్పుడు ఈ ఆరు మెట్లు ఎక్కి చూడండి.

1. అవసరాన్ని ఒక్క వాక్యంలో చెప్పుకోండి

బయలుదేరక ముందే ఇంట్లో కూర్చుని, ఎవరికి, దేనికి అన్నది ఒక వాక్యంగా రాసుకోండి. మేము రాసుకుని ఉంటే అది ఇలా ఉండేది: మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు, పది అడుగుల గదిలో, రాత్రంతా చప్పుడు లేకుండా తిరిగే ఫ్యాను. ఈ వాక్యంలో రంగుల దీపం లేదు, సెల్‌ఫోనుతో తిప్పే సదుపాయం లేదు. నలభై ఫ్యాన్లలో సగం ఇక్కడే తప్పుకునేవి.

అవసరం ఎవరిదో వారినే అడగడం మరీ ముఖ్యం. మేము ఊళ్ళో అందరినీ అడిగాం, అమ్మను అడగలేదు. అడిగి ఉంటే రిమోటు తనకు గుర్తుండదనీ, గోడమీద తిప్పే రెగ్యులేటరే కావాలనీ మొదటి రోజే చెప్పేది.

2. హద్దులు గీయండి

ఎంత లోపు కొనాలో ముందే అనుకోండి. అల్ ఫుర్ఖాన్ అధ్యాయం 67వ ఆయతులో కరుణామయుని దాసుల గుణం ఒకటి చెప్పబడింది. వారు ఖర్చు పెట్టేటప్పుడు దుబారా చేయరు, పిసినారితనమూ చూపరు, రెంటికీ మధ్య సమతూకంగా ఉంటారు. ఈ మధ్యస్థితి మనకు కొలబద్ద. అన్నిటికన్నా చౌకదీ, అన్నిటికన్నా ఖరీదైనదీ రెండూ మన దృష్టి నుంచి తప్పుకుంటే మిగిలిన పని తేలికవుతుంది.

రెండో హద్దు హలాల్, హరామ్‌లది. వాయిదాల మీద కొనడంలో వడ్డీ ఉందా లేదా చూసుకోవాలి. వడ్డీ లేదని చెప్పే వాయిదాల్లో కూడా ప్రాసెసింగ్ రుసుము పేరుతోనో, రొక్కానికి ఇచ్చే తగ్గింపును ఎగ్గొట్టడం ద్వారానో ఆ మొత్తం రాబట్టుకోవడం ఉంటుంది. సున్నా శాతం వడ్డీ అనేదే నిజానికి ఉండదని 2013 సెప్టెంబరులో భారతీయ రిజర్వు బ్యాంకే బ్యాంకులకు స్పష్టం చేసింది. సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ గారిని అడగండి. సందేహంలో పడవేసేదాన్ని వదిలి, సందేహం లేనిదాన్ని పట్టుకోవాలన్న ప్రవక్త బోధన (తిర్మిజీ) పరలోకానికి రక్ష. అంతేకాదు, ఇహలోకంలో మన ముందున్న జాబితాను సగానికి తగ్గించే సాధనం కూడా.

3. నమ్మదగిన గుర్తులు చూడండి, మూడింటికి కుదించండి

ప్రకటన చెప్పేది వేరు, చట్టం రాయించేది వేరు. రెండోదాన్ని చూడండి. ఫ్యానుకైతే ఐ.ఎస్.ఐ. గుర్తు, నక్షత్రాల చీటీ. ఫ్యాన్లకు ఈ నక్షత్రాల చీటీ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. ఎన్ని వాట్ల కరెంటుకు ఎంత గాలి వస్తుందో ఆ చీటీ చెబుతుంది. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, కొత్తగా వస్తున్న బి.ఎల్.డి.సి. మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు సుమారు 20 యూనిట్ల తేడా. కరెంటు బిల్లు శ్లాబుల ప్రకారం వేస్తారు కాబట్టి మీ ఇంటి బిల్లు చూసుకుని, ఆ 20 యూనిట్లు ఎంతో లెక్కగట్టండి. ధరలో తేడా ఎన్నాళ్ళలో తిరిగి వస్తుందో తేలిపోతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన విశాఖలో తుప్పు పట్టని పూత ఉందా, రిపేరు కేంద్రం ఊళ్ళోనే ఉందా అన్నవి కూడా అడగదగినవే.

తినే వస్తువుల మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. వారి 14 అంకెల లైసెన్సు నంబరు, తయారైన తేదీ, గడువు, పదార్థాల జాబితా చూడండి. నూనె ప్యాకెట్లు చూడడానికి ఒకే సైజులో ఉంటాయి, లోపల ఒకేలా ఉండవు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే ఉన్న ప్యాకెట్టు పది రూపాయలు తక్కువని సంబరపడే ముందు, అందులో అంతకన్నా తక్కువ గ్రాములు ఉన్నాయేమో చదవండి. ధరను బరువుతో భాగిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఈ ఒక్క లెక్క పదో తరగతి చదివే మీ అబ్బాయికో అమ్మాయికో అప్పగించండి. వారికి చదువు, మీకు సాయం.

ఇలా చూసుకుని మూడింటికి మించకుండా మిగల్చండి. మిగతావాటిని మళ్ళీ చూడవద్దు.

4. మష్వరా చేయండి, ఊరంతటితో కాదు

సలహా సంప్రదింపులు మన ధర్మంలో భాగం. కాని సలహా అడగవలసింది ఆ విషయం తెలిసినవారిని, మన మేలు కోరేవారిని. ఒకరో ఇద్దరో చాలు. వీధిలో ఫ్యాన్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్‌ను అడిగితే, తన దగ్గరికి రిపేరుకు ఎక్కువగా ఏవి వస్తున్నాయో చెబుతాడు. ముక్కూముఖం తెలియని వందమంది రాసిన అభిప్రాయాల కన్నా అది విలువైనది. సలహా ఇచ్చేవాడు కూడా తనకు కమీషను వచ్చేదాన్ని కాక అడిగినవాడికి మేలైనదాన్ని చెప్పాలి. సలహా కూడా ఒక అమానతే.

5. రెండూ మంచివైతే తేలికైనదాన్ని తీసుకోండి

ఇది మాకు ఎంతో ఊరట కలిగించిన బోధన. దైవప్రవక్త (సల్లం)కు రెండు విషయాలలో ఒకదాన్ని ఎంచుకునే అవకాశం కలిగినప్పుడు, అది పాపం కానంత వరకు ఆయన తేలికైనదాన్నే ఎంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ, ముస్లిం). మనమేమో పాపం లేని చోట కూడా కష్టమైనదాన్ని వెతుక్కుంటున్నాం! చివరికి మిగిలిన రెండు ఫ్యాన్లలో ఏది అని తేలకపోతే, దగ్గరి దుకాణంలో దొరికేది, ఇవాళే వచ్చి బిగించేది తీసుకోండి. చిన్న వస్తువుకు ఒక రోజు, పెద్దదానికి ఒక వారం అని గడువు పెట్టుకోండి. గడువు దాటితే చేతిలో ఉన్నవాటిలో మంచిదే మీది.

ఇల్లు, వాహనం, పెళ్ళి ఖర్చు వంటి పెద్ద విషయాలైతే ఇస్తిఖారా ఉండనే ఉంది. ఖుర్ఆన్ సూరాలు నేర్పినట్లే దైవప్రవక్త (సల్లం) తమకు అన్ని వ్యవహారాలలోనూ ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) చెప్పారు (బుఖారీ). రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, మేలైనదాన్ని సులభం చేయమనీ, కీడైనదాన్ని దూరం చేయమనీ, తర్వాత దానితో తృప్తి కలిగించమనీ వేడుకోవాలి. కలలో ఏదో కనిపించాలని ఎదురుచూస్తూ కూర్చోనవసరం లేదు. దుఆ చేసి ముందడుగు వేయడమే.

6. నిర్ణయించాక వెనక్కి తిరిగి చూడకండి

సంప్రదించమనీ, నిర్ణయం తీసుకున్న తర్వాత అల్లాహ్‌పై భారం వేయమనీ ఆలి ఇమ్రాన్ అధ్యాయం 159వ ఆయతు బోధిస్తోంది. ఉహుద్ యుద్ధానికి ముందు జరిగింది గుర్తు తెచ్చుకోండి. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (సల్లం) అభిప్రాయం. యువకులు బయటికి వెళ్దామన్నారు. సంప్రదింపుల తర్వాత ఆయన వారి మాటే అంగీకరించి కవచం తొడుక్కుని వచ్చారు. అప్పుడు వారు తాము తొందరపడ్డామేమోనని వెనక్కి తగ్గబోయారు. కాని ఆయన తొడుక్కున్న కవచం విప్పలేదు. అంత పెద్ద వ్యవహారంలోనే నిర్ణయాన్ని తిరగదోడలేదు. మనం కొన్న ఫ్యాను గురించి తిరగదోడాలా?

కొన్న మర్నాడు పక్కింట్లో అదే వస్తువు తక్కువకు దొరికిందని వింటాం. అయ్యో, ఇంకొక్క రోజు ఆగి ఉంటే అనిపిస్తుంది. జరిగిపోయిన దాని గురించి అలా చేసి ఉంటే, ఇలా చేసి ఉంటే అనుకోవడం షైతాన్ పనికి తలుపు తెరవడమేనని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు (ముస్లిం). కొన్న తర్వాత ధరలు వెతకడం మానేయండి. రసీదు, వారంటీ కార్డు భద్రపరచండి. నిజంగా లోపం బయటపడితే దుకాణదారుణ్ణి అడగండి. ఆయన వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. హక్కు అడగడం వేరు, చింతిస్తూ కూర్చోవడం వేరు.

వ్యాపారం చేసే సోదరులకు ఒక మాట

మన పాఠకులలో దుకాణాలు నడిపేవారు చాలామంది ఉన్నారు. కొనేవాడి తికమక మీ చేతిలో ఆయుధం కాకూడదు. కొనేవారూ అమ్మేవారూ నిజం చెప్పి, లోపాలు దాచకుండా ఉంటే వారి బేరంలో శుభం కలుగుతుందనీ, అబద్ధమాడి దాచిపెడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది (బుఖారీ, ముస్లిం). ఇరవై రకాలు ముందు పరచి మనిషిని అలసిపోయేలా చేసి, లాభం ఎక్కువున్నదాన్ని అంటగట్టడం నేర్పు అనిపించుకోదు. ఎవరికోసం, దేనికోసం అని ఒక్క ప్రశ్న అడిగి, రెండు మూడు చూపించి, ఉన్న లోపం కూడా చెప్పండి. ఆ మనిషి మళ్ళీ మీ దుకాణానికే వస్తాడు.

మన ఊరు నేర్చుకున్న పాఠం

విశాఖలో ఉన్నవారికి అవసరం అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన పని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. పాల ప్యాకెట్టు దొరికితే చాలు, మంచినీళ్ళ బిందె నిండితే చాలు. అది ఏ కంపెనీదని ఆ రోజుల్లో ఎవరు అడిగారు? అల్‌హందులిల్లాహ్ అని తెచ్చుకున్నాం.

2020 మే 7వ తేదీ, రమజాన్ మాసమే, లాక్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున మన గోపాలపట్నం పక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారం నుంచి స్టైరిన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. చుట్టుపక్కల జనం ఉన్నపళంగా, పిల్లలను భుజాన వేసుకుని, ఇళ్ళు తెరిచే వదిలి పరుగెత్తారు. ఎంతో ఎంచి ఎంచి కొనుక్కున్న ఫ్రిజ్జులూ, టీవీలూ, మంచాలూ అక్కడే ఉండిపోయాయి. ఎవరి చేతిలోనైనా ఉన్నది పక్క మనిషి చెయ్యి మాత్రమే.

భయపెట్టడానికి దీన్ని గుర్తు చేయడం లేదు. వస్తువుకు ఎంత విలువ ఇవ్వాలో, మనిషికి ఎంత విలువ ఇవ్వాలో ఆ తెల్లవారుజామున మన ఊరికి తెలిసింది. నాలుగేళ్ళు తిరగకముందే మేము దాన్ని మరచిపోయి, ఫ్యాను కోసం అమ్మను నేలమీద పడుకోబెట్టాం.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం. జుహర్ తర్వాత మా తమ్ముడు మొదటి రోజు వెళ్ళిన దుకాణానికే వెళ్ళాడు. మూడు ఫ్యాన్లు చూశాడు. గోడ రెగ్యులేటరుతో తిరిగేది, చప్పుడు లేనిది, నక్షత్రాల చీటీ ఉన్నది ఒకటి తెచ్చాడు. అరగంట పని. ఇఫ్తారు వేళకు గదిలో గాలి తిరుగుతోంది. అంతకన్నా మంచి ఫ్యాను విశాఖలో ఎక్కడైనా ఉండే ఉంటుంది. అమ్మ మాత్రం ఆ రాత్రి తన మంచం మీద నిద్రపోయింది.

ఇంటిల్లిపాదీ కూర్చుని చర్చించుకోండి

- కొనాలనుకుని ఇంకా తేలని వస్తువు మన ఇంట్లో ఏదైనా ఉందా? ఆ ఆలస్యం వల్ల ఇబ్బంది పడుతున్నది ఎవరు?
- ఆ వస్తువు అవసరాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలమా? దాన్ని వాడే మనిషిని అడిగామా?
- ఇస్రాయీల్ సంతతివారు అడిగిన ప్రశ్నలలో నిజంగా అవసరమైనది ఒక్కటైనా ఉందా? మనం దుకాణంలో అడిగే ప్రశ్నలలో?
- గడచిన ఏడాది మనం కొని, తర్వాత చింతించిన వస్తువు ఏది? ఆ చింత వల్ల ఏమైనా మారిందా?

అల్లాహ్ మన ధనంలోనూ సమయంలోనూ శుభం కలిగించుగాక! ఉన్నదానితో తృప్తి చెందే మనసునూ, ఇంట్లో పెద్దల కష్టాన్ని వారు చెప్పకముందే గుర్తించే చూపునూ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.